మజిల్ కార్లను చంపింది పెట్రోల్ కొరతేనా? (జీటీఓ అమ్మకాలు, హార్స్‌పవర్ లెక్కలు, నకిలీలు, ఇంజన్ జాగ్రత్తలు)

వరంగల్ వీ8 · #1

అన్నలూ, ఒక్క డౌటు. యాడ చూసినా "1973ల చమురు సంక్షోభం వచ్చింది, అమెరికా మజిల్ కార్లు ఖతమైనయ్" అనే రాస్తున్నరు. (మజిల్ కార్లంటే మామూలు కార్ బాడీల పెద్ద ఇంజన్ పెట్టిన బండ్లు.) క్రైస్లర్ 426 క్యూబిక్ ఇంచుల హెమీ ఇంజన్ 1971 మోడల్‌తోనే బంద్ అయింది కదా? సంక్షోభం వచ్చింది 1973 అక్టోబర్ల. రెండేండ్ల ముందే ఎట్ల సచ్చింది మరి?

ఇంకోటి. 1970, 1971, 1972 బ్రోషర్లు పక్కపక్కన పెడితే అదే ఇంజన్‌కు హార్స్‌పవర్ దబ్బున పడిపోయినట్టు కనవడ్తది. ఇంజన్ మార్చిన్రా, లెక్క మార్చిన్రా? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పున్రి.

పాత ఇనుము · #2

మంచి ప్రశ్న తమ్ముడూ. ఈ తరగతికి పేరు తెచ్చిన పాంటియాక్ జీటీఓ అమ్మకాలు చూస్తే సగం జవాబు దొరుకుతుంది. ఇవన్నీ మోడల్ ఇయర్ అంకెలు:

1964 – 32,450
1965 – 75,352
1966 – 96,946
1969 – 72,287
1970 – 40,149
1971 – 10,532
1972 – 5,811
1973 – 4,806

1973 మోడల్ అంటే 1972 సెప్టెంబర్ ప్రాంతంలో షోరూముల్లోకి వచ్చి 1973 వేసవికల్లా ముగిసిపోయిన బండి. కాబట్టి ఆ చివరి 4,806 కూడా సంక్షోభానికి ముందు సంగతే. చమురు ఆంక్షలు కొట్టింది చచ్చిన పామును.

అసలు దెబ్బలు మూడు. ఒకటి ఇన్సూరెన్స్. 60ల చివరికల్లా కంపెనీలు బండి బరువును హార్స్‌పవర్‌తో భాగించి చూసి, పాతికేళ్లలోపు కుర్రాళ్లకు ప్రీమియం మోత మోగించాయి. రెండోది సీసం లేని పెట్రోల్ వైపు మళ్లింపు. జీఎం (పాంటియాక్, షెవ్రొలేల మాతృసంస్థ జనరల్ మోటార్స్) తన 1971 మోడళ్లన్నీ 91 రాన్ (ఆక్టేన్ కొలత) పెట్రోల్‌తో నడవాలని పెట్టుకుంది, దాంతో కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, పెట్రోల్ నొక్కుకునే నిష్పత్తి) కోసేశారు. మూడోది 1970 డిసెంబర్ 31న సంతకమైన క్లీన్ ఎయిర్ యాక్ట్. మూడిట్లో ముందు తగిలింది ఇన్సూరెన్సే. 1970లో కంప్రెషన్ ఇంకా ఎవరూ కొయ్యలేదు, అయినా జీటీఓ 72 వేల నుంచి 40 వేలకు జారింది చూడు.

నాలుగు బ్యారెళ్లు · #3

దానికి సాక్ష్యం కంపెనీల మోడల్ లిస్టుల్లోనే ఉంది. 1970, 71ల్లో ఇన్సూరెన్సు వాళ్ల కళ్లుగప్పే బళ్లు వరసగా దిగాయి: ఓల్డ్స్‌మొబీల్ ర్యాలీ 350, పాంటియాక్ జీటీ-37, షెవ్రొలే "హెవీ షెవీ", ప్లిమత్ డస్టర్ 340. చారలు, స్కూపులు, రంగులు అన్నీ ఉంటాయి, ఇంజన్ మాత్రం ఒక మెట్టు కింద. వీటిలో డస్టర్ 340 ఒక్కటే నిజంగా కొట్టగల బండి. చిన్న బాడీ, 275 హార్స్‌పవర్. మిగతావి ఎక్కువగా వేషం.

గుంటూరు గేర్‌బాక్స్ · #4

చావు సంగతి సరే, పుట్టుక తెలిస్తే గానీ ఇది పూర్తిగా అర్థం కాదండీ. మజిల్ కారు పుట్టింది ఇంజన్ షాపులో కాదు, ఆర్డర్ ఫారంలో.

పెద్ద ఇంజన్, తేలిక బాడీ అనే ఆలోచన పాతదే. 1949లో ఓల్డ్స్‌మొబీల్ 303 క్యూబిక్ ఇంచుల రాకెట్ వీ8ని చిన్న బాడీలో పెట్టి "88" చేసింది, 135 హార్స్‌పవర్. 1955 క్రైస్లర్ సి-300 అయితే 331 హెమీతో 300 దాకా వెళ్లింది, కానీ అది డబ్బున్నవాళ్ల బండి. కుర్రాళ్లకు అందే ధరలో ఇదే పని చేసింది 1964 జీటీఓ.

1963 జనవరిలో జీఎం తన విభాగాలన్నిటినీ రేసింగ్ మానుకోమంది. దానికి తోడు మధ్యతరహా కార్లలో ఇంజన్ 330 క్యూబిక్ ఇంచులు (సుమారు 5.4 లీటర్లు) దాటకూడదని కట్టడి. పాంటియాక్‌లో జాన్ డెలొరియన్, బిల్ కాలిన్స్, రస్ గీ కలిసి టెంపెస్ట్ బాడీలో 389 (6.4 లీటర్లు) పెట్టి చూశారు. బయటి కొలతలు పాంటియాక్ 326 ఇంజన్‌కీ 389కీ ఒకటే కాబట్టి మౌంట్లు మార్చే పనే లేదు. కట్టడి ఉన్నది మోడల్ మీద, ఆప్షన్ మీద కాదు. అందుకని "జీటీఓ"ని విడి మోడల్‌గా కాకుండా టెంపెస్ట్‌లోనే ఖరీదైన రకం లెమాన్స్ మీద సుమారు 295 డాలర్ల ఆప్షన్ ప్యాకేజీగా ఫారంలో ఎక్కించారు. ముందు 5,000 బళ్లకు ఒప్పుకున్నారు, పోయింది 32,450. ఆ తర్వాత ఇక ఎవరు ఆపుతారు?

నాలుగు బ్యారెళ్ల (గాలి గొంతుల) కార్బ్యురేటర్‌తో 325 హార్స్‌పవర్, ట్రై-పవర్ అనే మూడు కార్బ్యురేటర్ల అమరికతో 348. బ్రేకులు మాత్రం నాలుగు చక్రాలకూ 9.5 అంగుళాల డ్రమ్ములు! వేగం మీద రెండుసార్లు గట్టిగా తొక్కితే మూడోసారి పెడల్ ఉంటుంది, బ్రేకు ఉండదు. అలాంటి బండిని ఒరిజినల్‌గా ఉంచుకోవాలనుకుంటే కనీసం మాస్టర్ సిలిండర్‌నైనా 1967 నాటి రెండు గదుల దానికి మార్చుకోవాలి. ఒక గదిదైతే ఎక్కడ ఒక పైపు లీకైనా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది.

ట్రాయ్ తెలుగోడు · #5

నాదొక అభ్యంతరం. పాము చచ్చిందంటున్నారు, మరి 1979లో పాంటియాక్ ట్రాన్స్ యామ్ 1,17,108 అమ్ముడైంది కదా? జీటీఓ ఏ ఏడాదీ అంత అమ్మలేదు.

పాత ఇనుము · #6

అంకె కరెక్టే. కానీ 1979 ట్రాన్స్ యామ్‌లో ఎక్కువ బళ్లకు ఉన్నది 403 ఓల్డ్స్ ఇంజన్, 185 హార్స్‌పవర్. పాంటియాక్ 400 దొరికిన కొద్దిమందికి 220. అమ్ముడైంది బానెట్ మీది పక్షి బొమ్మ. సిసలైన చివరి ఇంజన్ కావాలంటే 1973–74 సూపర్ డ్యూటీ 455 చూడండి. 8.4 కంప్రెషన్‌తోనే 290 నెట్ హార్స్‌పవర్. రెండేళ్లకూ కలిపి ఆ ఇంజన్‌తో 1,296 ఫైర్‌బర్డ్‌లు (ట్రాన్స్ యామ్ వీటిలోదే) మాత్రమే చేశారు.

వరంగల్ వీ8 · #7

నెట్ అంటున్నరు, గ్రాస్ అంటున్నరు. నా రెండో ప్రశ్న గదే అన్నా.

టైమింగ్ లైట్ · #8

గ్రాస్ అంటే ఇంజన్‌ని స్టాండు మీద పెట్టి, ఫ్యాన్, ఆల్టర్నేటర్, ఎయిర్ క్లీనర్ లేకుండా, గాలి ఆడే టెస్ట్ ఎగ్జాస్ట్ తగిలించి, టైమింగ్ దానికి నచ్చిన చోట పెట్టి కొలిచిన శక్తి. నెట్ అంటే బండిలో ఎలా ఉంటుందో అలాగే అన్నీ బిగించి, అదే సైలెన్సర్‌తో కొలిచింది. 1972 మోడళ్ల నుంచి బ్రోషర్లలో నెట్టే వేశారు. 1971లో జీఎం రెండూ ఇచ్చింది. అందుకే పోల్చడానికి ఆ ఏడాది బంగారం.

షెవ్రొలే కమారో జడ్/28లోని 350 ఎల్‌టీ-1 ఇంజన్ తీసుకోండి.

1970: కంప్రెషన్ 11, గ్రాస్ 360
1971: కంప్రెషన్ 9, గ్రాస్ 330, నెట్ 275
1972: నెట్ 255

బ్రోషర్ చదివినవాడికి రెండేళ్లలో 105 గుర్రాలు పోయాయి. అందులో కంప్రెషన్ తినేసింది 30. కొలత మారినందుకు కాగితం మీద మాయమైనవి 55. మిగతా 20 ఆ మరుసటేడు కోత. అంటే సగానికి పైగా పోయింది కాగితం మీదే.

"గ్రాస్‌ని 0.8తో గుణిస్తే నెట్ వచ్చేస్తుంది" అని రాసేవాళ్లను నమ్మకండి. పైన 330 నుంచి 275 అంటే 83 శాతం. 1971 హెమీ 425 నుంచి 350, అదీ 82 దగ్గరే. అదే సంవత్సరం షెవ్రొలే రెండు బ్యారెళ్ల 350 మాత్రం 245 నుంచి 165, అంటే 67 శాతమే. ఒంటి గొట్టం, ఇరుకు సైలెన్సర్ ఉన్న ఇంజన్ స్టాండు మీద హాయిగా ఊపిరి పీల్చి, బండిలోకి రాగానే ఉక్కిరిబిక్కిరి అవుతుంది. జంట గొట్టాలది అంతగా నష్టపోదు. కాబట్టి ఏ ఇంజన్ లెక్క దానిదే.

నాలుగు బ్యారెళ్లు · #9

గ్రాస్ అంకెలు కూడా అన్నీ పెంచినవి కావు, కొన్ని దించినవి. ఫోర్డ్ 428 కోబ్రా జెట్‌కు 335 అని రాశారు, జడ్/28 302కు 290. ఇన్సూరెన్సు వాడికీ డ్రాగ్ రేసు వర్గీకరణకూ ఆ అంకె చిన్నగా ఉంటేనే లాభం.

దీనికి మంచి ఉదాహరణ 1967 ఫైర్‌బర్డ్ 400. బరువు ప్రకారం పది పౌండ్లకు ఒక హార్స్‌పవర్ మించకూడదని జీఎం అంతర్గత నియమం. అందుకని జీటీఓలో ఉన్న ఇంజన్నే పెట్టి 325 అని రాశారు. ఎలా తగ్గించారయ్యా అంటే, కార్బ్యురేటర్ లంకెకు ఒక చిన్న రేకు ముక్క. వెనక బ్యారెళ్లు పూర్తిగా తెరుచుకోకుండా అది అడ్డుపడుతుంది. నోస్ ప్లయర్‌తో ఆ రేకు వంచితే నియమం హుష్‌కాకి. ఇప్పుడు అలాంటి బండి చూసేటప్పుడు ఎవరైనా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకోగా, ఇంజన్ ఆపి ఉంచి, పై నుంచి టార్చ్‌తో వెనక పలకలు నిలువుగా నిలబడుతున్నాయో లేదో చూడండి. సగంలో ఆగితే రేకు ఇంకా ఉన్నట్టు, లేదా కేబుల్ సాగినట్టు.

టైమింగ్ లైట్ · #10

అసలు శక్తి ఎంతో తెలియాలంటే బ్రోషర్ పక్కన పెట్టి పావు మైలు చివర వేగం చూడాలి. కాలం కాదు, వేగం. కాలం టైర్ల పట్టు మీద, క్లచ్ వదిలే కాలి మీద ఆధారపడుతుంది. చివరి వేగం చాలావరకు శక్తికీ బరువుకీ మధ్య సంగతి.

డ్రాగ్ రేసు వాళ్ల పాత సూత్రం: మైళ్లలో వేగాన్ని 234తో భాగించి, దాన్ని ఘనం చేసి, డ్రైవర్‌తో కలిపి పౌండ్లలో బరువుతో గుణించండి.

3,800 పౌండ్ల బండి 98 మైళ్ల దగ్గర దాటిందనుకుందాం. 98 ÷ 234 = 0.419. ఘనం చేస్తే 0.0735. గుణిస్తే 279. బ్రోషర్‌లో 375 ఉన్న బండికి ఇలాంటి అంకె వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇదే సూత్రాన్ని 1964 మార్చిలో కార్ అండ్ డ్రైవర్ పత్రిక జీటీఓకు ఇచ్చిన అంకెల మీద వేయండి: 13.1 సెకన్లు, 115 మైళ్లు. బరువు 3,600 అనుకుంటే వచ్చేది 427. 348 గ్రాస్ ఇంజన్‌కు ఇది ఎక్కడి నుంచి వస్తుంది? ఆ పరీక్ష బండిలో ఉన్నది 389 కాదు 421 అని పాంటియాక్ ప్రచార బాధ్యతలు చూసిన జిమ్ వాంగర్స్ ఏళ్ల తర్వాత ఒప్పుకున్నాడు. కాలిక్యులేటర్ ఉన్నవాడికి ఆ రోజే తెలిసిపోయేది.

కొత్త సభ్యుడు 22 · #11

సార్, మన కాంటెస్సాను కూడా ఇండియన్ మజిల్ కార్ అంటారు కదా?

గుంటూరు గేర్‌బాక్స్ · #12

ముఖం చూసి అంటారు బాబూ. బాడీ బ్రిటన్ వాక్సాల్ విక్టర్ నుంచి వచ్చింది, మొదట్లో లోపల 1.5 లీటర్ల బీఎంసీ ఇంజన్. హెమీలో రెండు సిలిండర్లంత కూడా లేదు. ముచ్చటైన కారే, ఈ దారానికి మాత్రం సంబంధం లేదు.

ట్రాయ్ తెలుగోడు · #13

కొనే సంగతికి వద్దాం. ఇక్కడ డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్లలో కొందరు పాత బండి కొందామని చూస్తున్నారు. ఆగస్టు మూడో శనివారం వుడ్‌వార్డ్ అవెన్యూ డ్రీమ్ క్రూయిజ్‌లో చూసినప్పుడు అన్నీ అసలైనవిగానే కనిపిస్తాయి. అసలుదీ, తర్వాత బ్యాడ్జీలు అతికించిందీ ఎలా కనిపెట్టాలి?

పాత ఇనుము · #14

కంపెనీని బట్టి పద్ధతి మారుతుంది. విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య) ఎంతవరకు చెబుతుందో ముందు తెలుసుకోవాలి.

పాంటియాక్: 1964, 65 జీటీఓ ఆప్షన్ కదా, అందుకని విన్‌లో జీటీఓ అనే ఆనవాలే ఉండదు. మామూలు లెమాన్స్‌కీ దానికీ అదే రకం నంబర్. 1966లో విడి మోడల్ అయ్యాక 242తో మొదలవుతుంది. ముందటి రెండేళ్ల బళ్లకు పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ ఇచ్చే బిల్లు నకలు తప్ప దారి లేదు. ఇంజన్ మీద కోడ్ కూడా చూడండి. బ్లాకు ముందు భాగంలో, ప్యాసింజర్ వైపు హెడ్ కింద ఉంటుంది. 1964కు 76ఎక్స్ అంటే ట్రై-పవర్ మాన్యువల్, 78ఎక్స్ అంటే నాలుగు బ్యారెళ్ల మాన్యువల్. ట్రై-పవర్ పైన కూర్చుని కింద 78ఎక్స్ ఉంటే కార్బ్యురేటర్లు తర్వాత తెచ్చి పెట్టినవి.

క్రైస్లర్: వీళ్లు మనకు మేలు చేశారు. విన్‌లో ఐదో అక్షరమే ఇంజన్. 426 హెమీకి 1966లో హెచ్, 1967–69లో జే, 1970–71లో ఆర్. బీఎస్23ఆర్ అని మొదలైతే ప్లిమత్ హెమీ 'కూడా (బ్యారకూడా) హార్డ్‌టాప్. ఐదో అక్షరం వేరైతే లోపల ఎంత అందమైన హెమీ ఉన్నా అది తర్వాత దించిందే. ఫ్యాక్టరీలో లైను మీద వాడిన బ్రాడ్‌కాస్ట్ షీట్ కూడా వెతకండి. వెనక సీటు స్ప్రింగుల్లో ఇరుక్కుని ఉంటుంది చాలాసార్లు, ఎలుకలు వదిలేస్తే.

ఫోర్డ్: మస్టాంగ్‌లో కూడా ఐదో అక్షరమే. 289 హై-పర్ఫార్మెన్స్‌కు కె, బాస్ 302కు జి, బాస్ 429కు జడ్. 1967 మోడళ్ల నుంచి ఫోర్డ్ రికార్డుల ఆధారంగా ఇచ్చే మార్టీ రిపోర్ట్ ఉంది. దాని ఖర్చు బండి ధరలో పిసరంత. అది లేకుండా బేరం మొదలుపెట్టొద్దు.

షెవ్రొలే: అన్నిటికంటే చిక్కు ఇక్కడే. షెవెల్ ఎస్ఎస్‌ను విన్‌లో పట్టుకోలేం.

నాలుగు బ్యారెళ్లు · #15

చివరి వాక్యానికి ఒక సవరణ అన్నా. 1966 నుంచి 68 దాకా ఎస్ఎస్ 396 విడి సిరీస్, విన్ 138తో మొదలవుతుంది. 1969 నుంచి అది మళ్లీ ఆప్షన్ అయింది, అప్పటి నుంచే విన్ నోరు విప్పదు. 1970 ఎల్ఎస్6 454కి (450 గ్రాస్ హార్స్‌పవర్) ఇంత ధర, ఇన్ని నకిలీలు ఉండటానికి అదీ ఒక కారణం.

పాత ఇనుము · #16

ఒప్పుకున్నాను, 138 మర్చిపోయాను. 1969 తర్వాత బళ్లకు ఆధారం బ్లాకు మీది ముద్రే. ప్యాసింజర్ వైపు హెడ్ ముందు, బ్లాకు మీద చిన్న చదును మెట్టు ఉంటుంది. అక్కడ రెండు వరసలు. ఒకటి అసెంబ్లీ కోడ్, ఇంకోటి విన్‌లోని చివరి భాగం.

చూసే క్రమం చెబుతాను. బ్లాకు పోత తేదీ "బీ 12 0" అనుకోండి, 1970 ఫిబ్రవరి 12. ముద్ర "టీ0218సీఆర్‌వీ" అయితే టొనవాండా ఫ్యాక్టరీ, ఫిబ్రవరి 18, ఎల్ఎస్6 మాన్యువల్. బాడీ ప్లేటు మీద "02డీ" ఉంటే ఫిబ్రవరి నాలుగో వారం. పోత, అసెంబ్లీ, బాడీ ఈ వరసలోనే రావాలి. పోత తేదీ బాడీ తేదీ తర్వాత ఉంటే ఇక మాట్లాడేదేముంది.

వరస సరిపోయినా ఆ మెట్టును దగ్గర నుంచి చూడాలి. ఫ్యాక్టరీలో బ్రోచింగ్ (పళ్ల పనిముట్టుతో చదును) చేసిన మెట్టు మీద ఇంజన్ ముందు నుంచి వెనక్కి వెళ్లే సన్నటి గీతలు ఉంటాయి. ఆయిల్ మరకను గుడ్డతో తుడిచి, టార్చ్‌ను పక్క నుంచి, దాదాపు పడుకోబెట్టి వెయ్యండి. అక్షరాల మధ్య కూడా ఆ గీతలు కనబడాలి. మెట్టు అద్దంలా నున్నగా ఉన్నా, గుండ్రటి గ్రైండర్ చారలు ఉన్నా, పాత ముద్ర చెరిపి కొత్తది కొట్టారని అనుమానించాలి. ఇంజన్ రిపేర్‌లో బ్లాకు డెక్ చదును చేయించినప్పుడు నిజాయితీగా చెరిగిపోయినవీ ఉంటాయి. అప్పుడు పాత ఫొటోలు, బిల్డ్ షీటు అడగండి. వైర్ బ్రష్ మాత్రం ఆ మెట్టు మీద ఎప్పుడూ వాడకండి, ఉన్న సాక్ష్యం కూడా పోతుంది.

వరంగల్ వీ8 · #17

91 రాన్ అన్నరు పైన. మొన్నటిదాక మన బంకుల మామూలు పెట్రోల్ గూడ గంతే ఉండె కదా? మరి పాత 10.75 కంప్రెషన్ జీటీఓ ఇయ్యాల ఏం తాగి నడుస్తది?

టైమింగ్ లైట్ · #18

ముందు ఒక తికమక తీరుద్దాం. అమెరికా బంకు మీద రాసేది రాన్, మోన్ అనే రెండు ఆక్టేన్ కొలతల సగటు. అక్కడి 93 మన లెక్కలో 97–98 రాన్ దాకా ఉంటుంది. మన 91 రాన్ అక్కడి 86–87తో సమానం. 10.75 ఇనుప హెడ్ల 389కి అక్కడి 93 కూడా ఎండాకాలం లోడు మీద చాలదు, ఖణఖణ కొట్టుకుంటుంది. టైమింగ్ వెనక్కి లాగితే చప్పుడు ఆగుతుంది, కానీ శక్తి పోతుంది, ఇంజన్ వేడెక్కుతుంది.

ఇంజన్ విప్పినప్పుడే కంప్రెషన్ దించడం మేలు. లెక్క ఇది. 389ని ఎనిమిదితో భాగిస్తే ఒక్కో సిలిండర్ 797 సీసీ. కంప్రెషన్ 10.75 కావాలంటే పైన మిగిలే ఖాళీ 797 ÷ 9.75 = 81.7 సీసీ. 9.3కి దించాలంటే 797 ÷ 8.3 = 96 సీసీ. అంటే సిలిండర్‌కు 14 సీసీ పెంచాలి.

మందపాటి హెడ్ గాస్కెట్‌తో ఈ పని అవుతుందని చాలామంది అనుకుంటారు. ఈ బోరులో 0.25 మి.మీ. మందం పెరిగితే వచ్చేది 2.1 సీసీ. 14 సీసీకి ఇంకో 1.7 మి.మీ. మందం కావాలి. అంత పెడితే పిస్టన్‌కూ హెడ్‌కూ మధ్య ఉండాల్సిన ఇరుకు సందు పోతుంది, మంట వ్యాపించడం మందగించి కంప్రెషన్ తగ్గినా కొట్టుకోవడం ఆగదు. తల మీద 14 సీసీ గుంట ఉన్న పిస్టన్లు వేయించుకోవడమే సరైన దారి.

గుంటూరు గేర్‌బాక్స్ · #19

సీసం లేని పెట్రోల్‌తో ఎగ్జాస్ట్ వాల్వు సీటు అరుగుతుంది అనే భయం గురించి కూడా చెప్పాలి. సీసం ఆ సీటు మీద పలచటి పూతలా కాపాడేది. అప్పుడప్పుడు తీసే బండికి వెంటనే ప్రమాదం లేదు. హైవే మీద గంటల తరబడి లాగే బండికి అరుగుతుంది. సాలిడ్ లిఫ్టర్ల (క్యామ్ కదలికను వాల్వు వైపు అందించే ముక్కలు) ఇంజన్‌లో కనిపెట్టడం తేలిక. వాల్వు పైకి కూరుకుపోతుంటే ఎగ్జాస్ట్ సందు తనంతట తాను తగ్గుతూ వస్తుంది. జడ్/28 302 పాత "30-30" క్యామ్‌కు సందు 0.030 అంగుళం పెడతాం. ప్రతిసారీ ఒకే సిలిండర్‌లో అది 0.024, 0.020 అని ముడుచుకుంటుంటే సీటు పోతున్నట్టే. హెడ్ విప్పినప్పుడు గట్టి సీటు రింగులు వేయించండి. బాగున్న హెడ్‌ను దీనికోసమే విప్పొద్దు.

నాలుగు బ్యారెళ్లు · #20

నన్నడిగితే సీసం కంటే పెద్ద శత్రువు ఇప్పటి ఇంజన్ ఆయిల్. ఈ పాత ఇంజన్లన్నీ ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌లు. లిఫ్టర్ అడుగు చూడ్డానికి చదునే గానీ వెంట్రుకవాసి ఉబ్బు ఉంటుంది, క్యామ్ లోబ్‌కు పిసరంత వాలు. ఆ రెండూ కలిసి లిఫ్టర్‌ను తిప్పుతాయి. తిరగని లిఫ్టర్ లోబ్‌ను నిమిషాల్లో తినేస్తుంది. ఆ ఒరిపిడిలో కాపాడేది జింక్–ఫాస్ఫరస్ మిశ్రమం. క్యాటలిటిక్ కన్వర్టర్‌ను అది పాడుచేస్తుందని కొత్త పలచటి కారు ఆయిళ్లలో ఫాస్ఫరస్ 800 పీపీఎంకే కట్టడి చేశారు. ఫ్లాట్ ట్యాపెట్‌కు 1,200 పైన ఉండాలి, క్లాసిక్ కార్ల ఆయిల్ అని విడిగా అమ్మేది తీసుకోండి.

కొత్త క్యామ్ వేసినప్పుడు లోబ్‌ల మీద, లిఫ్టర్ అడుగున మాలీ పేస్టు దట్టంగా పూయండి. లిఫ్టర్ గోడలకు మామూలు ఆయిల్ చాలు. డిస్ట్రిబ్యూటర్ తీసేసి, ఆ రంధ్రంలో ప్రైమింగ్ రాడ్ పెట్టి డ్రిల్‌తో ఆయిల్ పంపు తిప్పండి. షెవ్రొలేకు గడియారం దిశ, పాంటియాక్‌కు ఎదురు దిశ. షెవ్రొలేకు తొడుగు ఉన్న రాడ్డే వాడాలి, ఉత్త స్క్రూడ్రైవర్ పెడితే డిస్ట్రిబ్యూటర్ బాడీ మూయాల్సిన ఆయిల్ దారి తెరిచే ఉండి ఒకవైపు లిఫ్టర్లకు ఆయిల్ అందదు. అన్ని రాకర్ల దగ్గరా ఆయిల్ ఊరే దాకా తిప్పండి.

కార్బ్యురేటర్ బౌల్ ముందే నింపి, టైమింగ్ సరిగా పెట్టి, మొదటి కిక్కుకే స్టార్ట్ అయ్యేలా చూసుకోవాలి. గరగరమని పది నిమిషాలు స్టార్టర్ తిప్పితే పూసిన పేస్టు అంతా పోతుంది. స్టార్ట్ కాగానే 2,000–2,500 మధ్య మారుస్తూ 20 నిమిషాలు. ఐడిల్‌కు దించొద్దు, ఐడిల్‌లో లోబ్‌ల మీదికి ఆయిల్ చిమ్మదు. ఎక్కడో లీకైతే ఆపేయండి, బాగుచేసి మిగతా నిమిషాలు పూర్తి చేయండి. జంట వాల్వు స్ప్రింగులుంటే ఈ 20 నిమిషాలకు లోపలివి తీసేయాలి. అయ్యాక ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఫిల్టర్‌ను కోసి మడతలు చూడండి. మెరిసే పొడి కొంచెం ఉంటుంది, అయస్కాంతానికి గుత్తులుగా అంటుకుంటే క్యామ్ పోయినట్టే.

ట్రాయ్ తెలుగోడు · #21

ట్రై-పవర్ బండి ఒకటి చూశాం, ఐడిల్ 900 కిందికి రావడం లేదు. మధ్య కార్బ్యురేటర్ స్క్రూ పూర్తిగా వదిలేసినా అంతే. అమ్మేవాళ్లు "వాటి స్వభావమే అంత" అంటున్నారు.

నాలుగు బ్యారెళ్లు · #22

స్వభావం కాదు, లీకు. ట్రై-పవర్‌లో ఐడిల్‌నూ మామూలు నడకనూ మధ్య కార్బ్యురేటర్ ఒక్కటే చూసుకుంటుంది. ముందూ వెనకా ఉన్నవి గట్టిగా తొక్కినప్పుడే తెరుచుకోవాలి, మిగతా సమయంలో వాటి పలకలు పూర్తిగా మూసుకోవాలి. ఇంజన్ నడుస్తుండగా ఎయిర్ క్లీనర్లు తీసి, ముందుదాని గొంతు మీద అరచేయి మూయండి, తర్వాత వెనకదాని మీద. ఇంజన్ వేగం తగ్గిందంటే అది గాలి లాగుతోంది. లంకె కడ్డీ పొడవు తేడాగా ఉండి పలకను కొంచెం తెరిచి పట్టుకోవడం, పలక వంకరగా బిగించడం, ఇరుసు రంధ్రం అరగడం, ఈ మూడిట్లో ఒకటి. ముందు లంకె విప్పి మళ్లీ అరచేయి పరీక్ష చేయండి. అప్పుడు వేగం తగ్గకపోతే కడ్డీ సర్దితే చాలు, పైసా ఖర్చు లేదు. ఇంకా లాగుతుంటే ఇరుసు రంధ్రానికి బుష్ వేయించాలి, దాన్ని బేరంలో తగ్గించమనండి.

వరంగల్ వీ8 · #23

ఆఖరిది. జీఎం డిస్ట్రిబ్యూటర్ మూతకు చిన్న కిటికీ ఎందుకుంటది?

టైమింగ్ లైట్ · #24

పాయింట్ల (స్పార్క్ కోసం కరెంటును తెంపే కాంటాక్టుల) సందు ఇంజన్ నడుస్తుండగానే సర్దడానికి. క్రైస్లర్, ఫోర్డ్‌లకు ఈ సుఖం లేదు, మూత తీసి ఫీలర్ గేజ్ పెట్టాల్సిందే. జీఎం వీ8కు రేకు కిటికీ పైకి జరిపి, 1/8 అంగుళం అలెన్ కీ లోపలి స్క్రూలో పెట్టి, ఇంజన్ మిస్ అయ్యేదాకా గడియారం దిశలో మెల్లగా తిప్పండి. మిస్ కాగానే అర చుట్టు వెనక్కి. డ్వెల్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణం) కొలిచే మీటరు ఉంటే 30 డిగ్రీలకు పెట్టండి, 28 నుంచి 32 దాకా పర్వాలేదు. డ్వెల్ మారితే టైమింగ్ కూడా జరుగుతుంది కాబట్టి టైమింగ్ లైటు దీని తర్వాతే పట్టుకోవాలి, ముందు కాదు. కిటికీ మళ్లీ కిందికి లాగడం మర్చిపోకండి, వానలో బండి మధ్యలో ఆగిపోతుంది.